కీర్తిశేషులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఆయన బంగారు మందు

మన వార్షికోత్సవ సంచికలో ఒక తెలుగు ప్రముఖుని జీవితం ప్రచురించడం ఆనవాయితీగా వస్తున్నది. కవులు, సంగీత విద్వాంసులు, దేశభక్తులు ఇదివరకే ఈ పుటలను అలంకరించారు. ఈ ఏడు మేము ఒక వైద్య శాస్త్రజ్ఞుని ఎన్నుకున్నాము. భీమవరంలో పుట్టి అమెరికాలో కన్నుమూసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మన పెద్దలలో చాలామంది వినే ఉంటారు. ఆయన గొప్పవాడని చెప్పి ఊరుకోవడం మా ఉద్దేశం కాదు. ఆయన పరిశోధనాలయం నుండి వెలువడిన ఒక మందు తరువాత ఏమైందో, ఆసుపత్రులలోని సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగకుండా ఎలా తప్పించుకున్నాయో కూడ చెప్పదలచుకున్నాము. ఆ కథలో మన డర్బన్ నగరానికి కూడ ఒక చోటు ఉన్నది. మాది మూడు తరాల బడిపంతుళ్ళ ఇల్లు, వైద్యుల ఇల్లు కాదు. మా తెలుగు సాయంకాలపు తరగతులలో నేర్చుకున్న తెలుగు. కాబట్టి తరగతిలో పాఠం చెప్పినట్లే చెప్తాము, పాఠకులు ఓపికతో వినగలరు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి సీమలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాధం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. తండ్రి ఆరోగ్యం చెడి ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంటినిండా పిల్లలు, చేతిలో డబ్బు లేదు. కుర్రవాడికి చదువు మీద శ్రద్ధ కుదరలేదు. పదమూడవ ఏట ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడనవుతానని బయలుదేరాడట. తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివి, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవసారి గట్టెక్కాడు. పరీక్ష తప్పిన మనుమలను చూసి దిగులుపడే తాతలూ అమ్మమ్మలూ ఈ సంగతి గుర్తుంచుకోవచ్చును.

తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. ఆ రోజులలో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మొగ్గింది. సన్యసించాలని కోరిక. తల్లి ఒప్పుకోలేదు, తల్లి అనుమతి లేనిదే మఠం వారు చేర్చుకోలేదు. అందుచేత సేవ చేయడానికి వైద్యమే దారి అనుకొని మద్రాసు మెడికల్ కాలేజీలో ప్రవేశించారు. ఖర్చులకు స్నేహితులు తోడ్పడ్డారు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు అండగా నిలిచారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరి గారితో వివాహం జరిగింది.

గాంధీగారి పిలుపు విని విదేశీ వస్తువులు మానివేసిన కాలమది. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడ ఖద్దరు కోటుతోనే వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన ఇంగ్లీషు దొరకు అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పని చేసుకున్నారు.

ఇంతలో ఆ ఇంటి మీద పిడుగు పడింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో చనిపోయారు. మనవాళ్ళు గ్రహణి అని పిలిచే రోగాలలో చేరిన జబ్బు ఇది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం విరిగిపోయి మనిషి ఎండుకుపోతాడు. సుబ్బారావు గారికి కూడ ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడ్డారు. తమ్ముడూ అన్నా పోయి తాను మిగలడం ఎందుకో తెలుసుకోవాలన్న పట్టుదల అప్పుడే పుట్టిందని ఆయన జీవితం చదివిన ఎవరికైనా అనిపిస్తుంది.

మామగారి సాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ ఆయన అమెరికా ప్రయాణం కట్టారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చారు. ఆమె అప్పటికి గర్భవతి. ఆయన బోస్టను చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల చదువు చదువుతూ, పొట్టగడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. ఆ చదువు సాగుతుండగా ఇంటినుండి కబురు వచ్చింది. పుట్టిన మగబిడ్డ తొమ్మిది నెలలకే చనిపోయాడు. జబ్బు ఎరిసిపెలాస్. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చర్మంలోకి దూరి, ఎర్రగా మండుతూ, జ్వరంతో ఒళ్ళంతా పాకే వ్యాధి అది. ఆనాడు దానికి మందు లేదు. మద్రాసులోనూ లేదు, బోస్టనులోనూ లేదు. తండ్రి బిడ్డ ముఖం చూడనే లేదు. ఈ ఒక్క సంగతిని పాఠకులు మనసులో ఉంచుకోవలెనని మా మనవి, ముందుకు పోయినప్పుడు దీని అవసరం ఉన్నది.

ఆయన తిరిగి రాలేదు. మూడేళ్ళు ఇరవై ఐదేళ్ళయినాయి. శేషగిరి గారు భర్తను మరల చూడలేదు. ఆయనను పొగిడే వ్యాసాలు ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో దాటవేస్తాయి. మా తాతల తరంలో చెరకు తోటల ఒప్పందం మీద ఓడ ఎక్కిన వారి ఇళ్ళలో కూడ ఇలాగే ఎదురుచూసిన స్త్రీలు ఎందరో ఉన్నారు గనుక మేము దాటవేయలేకున్నాము.

హార్వర్డులో ఆయన సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి పనిచేశారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పాఠమయినది. ఆ పద్ధతితోనే కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్నీ, తరువాత 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్నీ కనిపెట్టారు. ప్రాణులన్నీ తమ శరీరశక్తిని ఖర్చుపెట్టే నాణెం ఏ.టి.పి. అని ఇప్పుడు బడిపిల్లలకు కూడ తెలుసు. అదే కాలంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు విడిగా దానినే కనిపెట్టాడు. 1930లో సుబ్బారావు గారికి పి.హెచ్.డి. వచ్చింది. కాని హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లే మందుల కంపెనీ పరిశోధనాలయంలో చేరి, త్వరలోనే దానికి నాయకుడయ్యారు.

అక్కడ గడిపిన ఎనిమిదేళ్ళలో ఆయన బృందం చేసిన పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే విధానం కనిపెట్టారు. ఆ విటమిను స్ప్రూ వ్యాధిని నయం చేసింది. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు మందు సోదరుని చేతనే వచ్చింది. ఆ ఫోలిక్ ఆమ్లానికి మారువేషం వేసినట్లుండే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు అదే చోట పుట్టాయి. బోస్టనులో డాక్టర్ ఫార్బర్ రక్తపు క్యాన్సరు ఉన్న పిల్లలకు వాటిని ఇచ్చి, మొదటిసారిగా ఆ వ్యాధిని కొంతకాలం వెనక్కు తగ్గించి చూపారు. బోదకాలుకు డైఇథైల్ కార్బమజైన్ 1947లో వచ్చింది. గోదావరి కాలువల వెంట బోదకాలు ఎంత సామాన్యమో పూర్వం అక్కడినుండి వచ్చినవారికి తెలుసు. భారతదేశంలో ఆ జబ్బును నిర్మూలించడానికి ఇంటింటికీ పంచే మాత్రలలో ఈనాటికీ అది ఒకటి.

ఇక మేము చెప్పదలచిన మందు దగ్గరకు వద్దాము.

1940ల నడిమికి పెన్సిలిన్ వచ్చింది, స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. కాని పెన్సిలిన్ కు లొంగని సూక్ష్మజీవులు అనేకం ఉన్నాయి. లొంగినవి కూడ ఎదురు తిరగడం అప్పుడే మొదలయినది. లండనులోని హామర్ స్మిత్ ఆసుపత్రిలో గాయాలకు చీము పట్టించే స్టాఫిలోకాకస్ ను మేరీ బార్బర్ అనే వైద్యురాలు లెక్కగట్టింది. పెన్సిలిన్ కు లొంగని రకాలు 1946లో నూటికి 14, 1947లో 38, 1948లో 59. మూడేళ్ళ లెక్క ఇది. అలాంటి సమయంలో కొత్త మందు కోసం లెడర్లే వారు మట్టిలో వెతకడానికి పూనుకున్నారు.

మట్టిలో ఎందుకు అంటే, మట్టిలో ఉండే బూజువంటి సూక్ష్మజీవులు పొరుగు జీవులను అదుపులో ఉంచుకోవడానికి తమంతట తామే విషపదార్థాలను తయారుచేస్తాయి. వాటిలో మనిషికి హాని చేయనివే మనకు మందులు. ఈ పనికి సుబ్బారావు గారి విభాగంలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కుదిరాడు. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై దాటిన తరువాత ఈ కొలువులో చేరినవాడు. అనేక చోట్లనుండి మట్టి తెప్పించాడు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు సాన్ బోర్న్ పొలం నుండి ఒక పొట్లం వచ్చింది. అందులోని 23వ నంబరు మడి మట్టి అది. ఏళ్ళ తరబడి ఎరువు వేయకుండా టిమోతీ అనే పశుగ్రాసం మాత్రమే పెంచిన మడి. ఆ మట్టిలోంచి బంగారు వన్నె గల ఒక జీవి పెరిగింది. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియెన్స్ అని పేరు పెట్టారు. అది తయారుచేసే పచ్చని పదార్థానికి, లాటిను భాషలో బంగారం అనే మాటనుండి, ఆరియోమైసిన్ అని పేరు వచ్చింది. టెట్రాసైక్లిన్ అనే పెద్ద మందుల కుటుంబానికి ఇదే మొదటి బిడ్డ.

ఆ జీవిని కనిపెట్టిన ఘనత డగ్గర్ గారిదే, అది తెలుగువారమైనా మనం కాదనకూడదు. వెతకవలెనని నిర్ణయించి, మనుషులను కూర్చి, జంతువుల మీదా రోగుల మీదా పరీక్షలు నడిపించిన నాయకత్వం సుబ్బారావు గారిది. తన కింద పనిచేసినవారి పేర్లు ముందుంచి తాను వెనుక నిలబడడం ఆయన స్వభావం. 1948 జూలైలో న్యూయార్కు సైన్సు అకాడమీ సభలో ఆరియోమైసిన్ గురించి లోకానికి చాటి చెప్పారు. కొద్ది వారాలకే, ఆగస్టు నెలలో, సుబ్బారావు గారు గుండె ఆగి నిద్రలోనే చనిపోయారు. వయస్సు 53. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి చట్టం వీలు కల్పించినదే 1946లో. అంతకు ముందు రెండు దశాబ్దాలు ఆయన ఆ దేశానికి పరాయివాడుగానే ఉండి ఆ పనులన్నీ చేశారు.

ఆయన కన్నుమూసే నాటికి ఆ మందుకు ఎదురు లేదు. టైఫస్ జ్వరం, న్యుమోనియా, కొన్ని రకాల విరేచనాలు, చర్మవ్యాధులు, ప్లేగు కూడ దానికి లొంగాయి. 1994లో సూరత్ నగరంలో ప్లేగు వచ్చినప్పుడు భయపడిన జనం మందుల కొట్లలో ఎగబడి కొన్నది టెట్రాసైక్లిన్ మాత్రలే.

ఇప్పుడు సూక్ష్మజీవుల వైపు కథ. టెట్రాసైక్లిన్ ఎలా పనిచేస్తుందో ముందు తెలియాలి. ప్రతి జీవకణంలోనూ రైబోజోములు అనే చిన్న కార్ఖానాలు ఉంటాయి. కణానికి కావలసిన మాంసకృత్తులన్నీ అక్కడ తయారవుతాయి. ముడిసరుకు ఒక్కొక్కటే వచ్చి ఒక గూటిలో కూర్చోవాలి. ఈ మందు ఆ గూటిలో అడ్డంగా కూర్చుంటుంది. సరుకు దిగదు, కార్ఖానా ఆగిపోతుంది, సూక్ష్మజీవి పెరగదు.

మందుకు లొంగని సూక్ష్మజీవికి మూడు ఉపాయాలలో ఒకటి తెలిసి ఉంటుంది. మొదటిది, లోపలికి వచ్చిన మందును తోడి బయట పోయడం. పడవలోకి వచ్చిన నీటిని తోడినట్లే. కణం పొరలో ఇందుకు ఒక పంపు ఉంటుంది. ఈ సంగతిని 1980లో అమెరికాలో స్టువర్ట్ లెవీ గారి బృందం నిరూపించింది. రెండవది, రైబోజోములో అడ్డం కూర్చున్న మందును ఒక ప్రత్యేక మాంసకృత్తు వచ్చి లేపివేయడం. మూడవది, మందునే విరగ్గొట్టి పనికిరాకుండా చేసే ఎంజైము. ఈ ఉపాయాలకు సంబంధించిన జన్యువులకు శాస్త్రజ్ఞులు టెట్-ఎ, టెట్-బి, టెట్-ఎం, టెట్-ఎక్స్ అని పేర్లు పెట్టారు.

పంపు విషయంలో ఒక తమాషా ఉన్నది. పంపును నిత్యం నడపడం సూక్ష్మజీవికి దండుగ. కాబట్టి ఆ జన్యువు మీద ఒక కాపలా మాంసకృత్తు కూర్చుని దానిని మూసి ఉంచుతుంది. టెట్రాసైక్లిన్ లోపలికి రాగానే వెళ్ళి ఆ కాపలాకే అంటుకుంటుంది. కాపలా పక్కకు తొలగుతుంది, జన్యువు తెరుచుకుంటుంది, పంపు తయారవుతుంది. అంటే తనను బయటకు గెంటే పనివాడిని పిలిచేది ఆ మందే.

ఇంతటి ఉపాయం ఒక్కొక్క సూక్ష్మజీవి తనంతట తాను కనిపెట్టుకోవలసి ఉంటే మనకు అంత భయం లేదు. అసలు చిక్కు వేరే ఉన్నది. 1953లోనే, అంటే మందు వచ్చిన ఐదేళ్ళకే, రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా ఒకటి టెట్రాసైక్లిన్ కు లొంగకుండా కనబడింది. 1955లో హాంకాంగ్ నుండి జపానుకు తిరిగి వచ్చిన ఒక స్త్రీకి పట్టిన షిగెల్లా ఒక్కసారిగా నాలుగు మందులకు లొంగలేదు. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరంఫెనికాల్, టెట్రాసైక్లిన్. ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు మార్పులు ఒకే జీవిలో రావడం నమ్మశక్యం కాదు. జపాను శాస్త్రజ్ఞులు వెతికి 1959లో రహస్యం పట్టుకున్నారు. మన పేగులలో మామూలుగా ఉండే ఈ. కోలై అనే జీవినుండి షిగెల్లాకు ఆ నాలుగు శక్తులూ కలిసికట్టుగా దాటుతున్నాయి. వాటిని మోసేది ప్లాస్మిడ్ అనే గుండ్రని జన్యు పదార్థపు ఉంగరం. రెండు జీవులు ఒకదానినొకటి తాకి, ఒక సన్నని దారి ఏర్పరచుకొని, ఆ ఉంగరానికి నకలు తీసి పొరుగుదానికి అందిస్తాయి. వేరు జాతి అయినా అభ్యంతరం లేదు.

తరగతి గదిలో పనిచేసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఒక కుర్రవాడు లెక్కను సొంతంగా చేయడం ఒక పద్ధతి. జవాబు రాసిన చీటీని బల్ల కింద నుండి చేరవేయడం ఇంకొక పద్ధతి. రెండవ పద్ధతిలో గంట కొట్టేలోగా తరగతి మొత్తానికి నూటికి నూరు మార్కులు వస్తాయి.

లండనులో, మునుపు చెప్పిన హామర్ స్మిత్ ఆసుపత్రిలోనే, 1959లో సాల్మొనెల్లా వల్ల విరేచనాలు వ్యాపించాయి. నయోమి దత్తా అనే వైద్యురాలు రోగులనుండి తీసిన 309 నమూనాలను పరీక్షించారు. వాటిలో 25 మందులకు లొంగలేదు. ఆ నిరోధక శక్తి కూడ చీటీవలె చేతులు మారేదేనని 1962లో ఆమె ప్రకటించారు. ఆసుపత్రిలోనే ఇది ఎందుకు ముదురుతుందో ఆలోచించండి. అక్కడ రోగులు పక్కపక్క మంచాలలో ఉంటారు, రకరకాల సూక్ష్మజీవులు ఒకే చోట చేరుతాయి, మందులు ప్రతిరోజూ వాడుతారు. మందు వాడినప్పుడు చీటీ లేనివి చచ్చి, చీటీ ఉన్నవే మిగులుతాయి. పేగులలో ఉండే బాక్టీరాయిడిస్ అనే జీవిలో అయితే టెట్రాసైక్లిన్ తగలగానే జన్యువుల బదిలీయే అనేక రెట్లు పెరుగుతుంది.

దత్తా గారు తరువాత మరొక పని చేశారు. మందులు రాకముందు, 1917 నుండి, ముర్రే అనే ఆయన భద్రపరచిన పాత సూక్ష్మజీవులను తెరిచి చూశారు. 1983లో ఫలితం తెలిపారు. వాటిలో సుమారు నాలుగో వంతుకు ఒకదానినుండి ఒకటికి దాటే ప్లాస్మిడ్లు అప్పటికే ఉన్నాయి. కాని వాటిలో మందులను ఎదిరించే జన్యువులు దాదాపు లేవు. అంటే బండ్లు ఎప్పటినుండో ఉన్నాయి. సరుకు ఎక్కించినది మన కాలంలోనే.

సరుకు ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబు మళ్ళీ మట్టిలోకే తీసుకుపోతుంది. విషం తయారుచేసే జీవి ముందు తాను చావకుండా చూసుకోవాలి కదా. టెట్రాసైక్లిన్ జాతి మందులను తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ జీవులలోనే వాటిని ఎదిరించే జన్యువులు కూడ ఉన్నాయి. కెనడా ఉత్తరాన 30,000 ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న నేలలో కూడ అటువంటి జన్యువులు దొరికాయని 2011లో ప్రకటించారు. సూడాను దేశపు నూబియాలో సుమారు 1,500 ఏళ్ళ నాటి మనుషుల ఎముకలలో టెట్రాసైక్లిన్ జాడ కనిపించిందని 1980లో తెలిపారు. వారు నిలవచేసుకున్న ధాన్యంలో స్ట్రెప్టోమైసిస్ పెరిగి ఉంటుందని ఊహ. డగ్గర్ గారికి వచ్చిన పొట్లంలో బంగారు మందు ఒక్కటే లేదు, దాని విరుగుడు కూడ ఉన్నది.

ఇక మన నగరం సంగతి. 1977లో డర్బన్ కింగ్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో పసిపిల్లలకు న్యుమోనియా, మెదడు పొరల వాపు కలిగించే న్యూమోకాకస్ పెన్సిలిన్ కూ క్లోరంఫెనికాల్ కూ లొంగకుండా కనబడిందని వైద్యులు ప్రకటించారు. మరుసటి ఏడాది జొహన్నెస్ బర్గ్ నుండి ఇంకా ఎక్కువ మందులకు, టెట్రాసైక్లిన్ తో సహా, లొంగని రకాల వార్త వచ్చింది. లోకమంతా ఉలిక్కిపడింది. అప్పటివరకు న్యూమోకాకస్ ను పెన్సిలిన్ తప్పక అణచుతుందని నమ్మేవారు. ఈ జీవి పద్ధతి వేరు. అది ఉంగరాల కోసం ఎదురుచూడదు. చచ్చిపోయిన పొరుగు జీవుల శరీరాలనుండి చెదిరిన జన్యు పదార్థాన్ని పీల్చుకొని తనలో అతికించుకుంటుంది. ఈ గుణాన్ని లండనులో ఫ్రెడరిక్ గ్రిఫిత్ 1928లోనే ఇదే న్యూమోకాకస్ లో చూశాడు. గొంతులో ఉండే సాధు స్ట్రెప్టోకాకస్ ల జన్యు ముక్కలను బొంతవలె కుట్టుకొని అది పెన్సిలిన్ నుండి తప్పించుకుంది. టెట్రాసైక్లిన్ నుండి తప్పించినది ముఖ్యంగా టెట్-ఎం, అంటే రైబోజోమును విడిపించే రెండవ ఉపాయం. ఈ టెట్-ఎం ఒక చోటినుండి ఇంకొక చోటికి గెంతే జన్యు సముదాయంలో కూర్చుని, ఆసుపత్రి ఎంటెరోకాకస్ లు మొదలుకొని ఎన్నో జాతులలో తిరుగుతున్నది.

సుబ్బారావు గారి బిడ్డను తీసుకుపోయిన స్ట్రెప్టోకాకస్ ను పాఠకులు మరచిపోలేదనుకుంటాము. ఆరియోమైసిన్ వచ్చిన తొలి రోజులలో దానికి అదీ లొంగింది. 1954లో ఇంగ్లండులో కాలిన గాయాల రోగుల నుండి తీసిన ఆ జాతి జీవులు టెట్రాసైక్లిన్ కు లొంగలేదు. తండ్రి ఆధ్వర్యంలో వచ్చిన మందు ఆరేళ్ళలోనే ఆ ఒక్క చోట చేతులెత్తడం మొదలుపెట్టింది. ఒక ఊరట ఉన్నది. ఆ స్ట్రెప్టోకాకస్ పెన్సిలిన్ కు మాత్రం నేటికీ లొంగుతూనే ఉన్నది. ఎందువల్లనో శాస్త్రజ్ఞులు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు.

సుబ్బారావు గారి మరణం తరువాత లెడర్లేలో జరిగిన ఒక పని కూడ చెప్పక తప్పదు. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు వేస్తే అవి తొందరగా పెరుగుతున్నాయని అక్కడి విటమిను పరిశోధకులు జూక్స్, స్టాక్ స్టాడ్ గమనించారు. 1950 ప్రాంతంలో అది వార్త అయినది. అంతే, పశువుల దాణాలో, కోళ్ళ దాణాలో ఆ మందు టన్నుల కొద్దీ కలిసింది. రోగం ఉన్నా లేకపోయినా కొద్దికొద్దిగా ప్రతిరోజూ. చీటీలు పంచడానికి ఇంతకంటే మంచి తరగతి గది ఉండదు. 1976లో లెవీ గారు ఒక పొలంలో కోళ్ళకు టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపిన దాణా పెట్టి చూశారు. కోళ్ళ పేగులలో నిరోధక జీవులు త్వరగానే నిండాయి, కొన్ని నెలలకు ఆ పొలంలో నివసించే మనుషులలో కూడ కనిపించాయి. బరువు పెంచడానికి ఈ మందులు వాడడాన్ని ఐరోపా సంఘం 2006లో నిషేధించింది, అమెరికా 2017లో మాన్పించింది. ఇంత ఆలస్యం ఎందుకయినదో, లాభం ఎవరిదో, మేము చెప్పనక్కరలేదు.

పెర్ల్ రివర్ వారు ఊరుకోలేదు. లెడర్లే చేతులు మారి వైత్ కంపెనీ అయిన తరువాత, అదే ఊరిలో, అదే టెట్రాసైక్లిన్ ఎముకల గూడుకు కొత్త తోక తగిలించి టైగిసైక్లిన్ తయారుచేశారు. 2005లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. ఆ తోక వల్ల మామూలు పంపులు దానిని తోడలేవు, టెట్-ఎం దానిని లేపలేదు. ఇతర మందులు విఫలమైన ఆసుపత్రి రోగులకు చివరి ఆసరాగా దానిని అట్టిపెట్టారు. మూడవ ఉపాయం మిగిలే ఉన్నది. టెట్-ఎక్స్ అనే ఎంజైము మొదట దొరికినది బాక్టీరాయిడిస్ లో. ఆ ఎంజైము పనిచేయడానికి ప్రాణవాయువు కావాలి, ఆ జీవి మాత్రం ప్రాణవాయువు లేని చోటనే బ్రతుకుతుంది. కాబట్టి అక్కడ అది పనికిరాని పనిముట్టు. ఎవరో ఎక్కడినుండో తెచ్చి పెట్టినట్లుండేది. 2019లో చైనా శాస్త్రజ్ఞులు దాని దగ్గర చుట్టాలు టెట్-ఎక్స్3, టెట్-ఎక్స్4 అనే వాటిని ప్లాస్మిడ్ల మీద చూశారు. పందులలో, కోళ్ళలో, మనుషులలో. అవి టైగిసైక్లిన్ ను విరగ్గొడతాయి.

సుబ్బారావు గారి పేరు మీద లెడర్లే శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని 1953లో నామకరణం చేశారు. భారత ప్రభుత్వం ఆయన శతజయంతి సందర్భంగా 1995లో తపాలా బిళ్ళ విడుదల చేసింది. మిస్సోరీలోని సాన్ బోర్న్ పొలం నేటికీ సాగులోనే ఉన్నది. 1888లో మొదలయిన పొలం అది.